గీతలు గీస్తే పాత సినిమా అయిపోతుందా?

“ఎనిమిది చిట్కాలు, ఐదు నిమిషాలు: మీ ఫోను వీడియో అచ్చం అరవైల నాటి సినిమాలా!” అనే సందేశం బంధువుల గ్రూపులో వచ్చింది, బడి స్నేహితుల గ్రూపులో వచ్చింది, చివరికి పక్కింటాయన కూడా “మీరు ఎడిటింగు చేస్తారు కదా, పనికొస్తుంది” అంటూ పంపారు. పనికిరాదండీ. సెపియా, అంటే గోధుమరంగు, వేయాలట, గీతలూ దుమ్మూ చల్లాలట, పైన గ్రెయిన్ (ఫిల్ములో కనిపించే సన్నని రవ్వలు) పరచాలట, వేగం సెకనుకు 18 ఫ్రేములకు తగ్గించాలట, బొమ్మను వణికించాలట, చట్రం 4:3 చేయాలట, ప్రొజెక్టరు చప్పుడు కలపాలట. ఆఖరున, అంతా అయ్యాక ఒరిజినల్ ఫైలు తుడిచేసి ఫోనులో చోటు మిగుల్చుకోవాలట. ఈ ఆఖరుదాని సంగతి తర్వాత తీరిగ్గా చెబుతాను.

చిన్నవి ముందు తేల్చేద్దాం. 4:3 సరే, అప్పటి చట్రం దాదాపు అంతే. ప్రొజెక్టరు చప్పుడు ఎవరు విన్నారు? టూరింగ్ టాకీసులో యంత్రం పక్కనే కూర్చున్నవాళ్ళు విని ఉంటారు. మిగతా హాళ్ళలో అది క్యాబిన్ గోడ దాటకూడదనే కదా మధ్యలో అద్దం పెట్టింది! వణుకంటారా, ప్రొజెక్టరులో లెన్సు వెనకున్న గేటులో ఫిల్ము వెంట్రుకవాసి కదిలే మాట నిజమే. మంచి యంత్రం మీద అది కంటికి ఆనీ ఆననట్టు ఉండేది. సందేశంతో వచ్చిన నమూనా వీడియోలో మాత్రం కెమెరామన్‌కు చలిజ్వరం వచ్చింది.

సెపియా దగ్గర కొంచెం ఆగాలి. 1963లో ‘లవకుశ’ గేవాకలర్ రంగుల్లో వచ్చేదాకా మన సినిమాలు దాదాపు అన్నీ నలుపు తెలుపే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఎక్కువ భాగం అవే. నలుపు, తెలుపు, వాటి మధ్య వందరకాల బూడిద ఛాయలు. అందులో గోధుమరంగు ఎక్కడిది? అది ఫొటోలను రసాయనంతో టోనింగ్ చేసిన తాతల నాటి ఆల్బములది. రంగుల సినిమాల పాత ప్రింట్లు ఇవాళ గులాబీ రంగుకు తిరిగి కనిపించడానికి కారణం వేరు: ఆ ఫిల్ములోని మూడు రంగుల్లో సయాన్ (నీలి ఆకుపచ్చ) మిగతా రెండింటికన్నా ముందు వెలిసిపోతుంది. విడుదలనాడు మొదటి ఆట చూసినవాళ్ళు పచ్చని చెట్టును పచ్చగానే చూశారు.

గీతల కథా ఇంతే. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము, అంటే నెగటివ్ మీద గీత పడకూడదని ల్యాబుల్లో చేతులకు తొడుగులు వేసుకుని పట్టుకునేవారు. దాన్నుంచి తీసి హాళ్ళకు పంపిన ప్రింటు మాత్రం పెద్ద ఊళ్ళ ‘ఎ’ సెంటర్లో వంద రోజులు ఆడి, ‘బి’, ‘సి’ సెంటర్లు తిరిగి, ఆఖరికి టూరింగ్ టాకీసుకు చేరేసరికి గీతలు పడేది. పాత సినిమా ఎలా ఉండేదని అడిగితే ఈ చిట్కాలు పాత ప్రింటు ఎలా పాడైందో చూపిస్తున్నాయి. అదీ తప్పుల తడకగా! ప్రింటు మీది దుమ్ము తెర మీద నల్లగా పడుతుంది, నెగటివ్ మీది దుమ్ము తెల్లగా పడుతుంది. నమూనా వీడియోలో రెండూ ఒకేచోట కలిసి జాతర చేసుకుంటున్నాయి.

ఇక 18 ఫ్రేములు. టాకీ వచ్చినప్పటినుంచి లెక్క 24. పద్దెనిమిది అన్నది ఇళ్ళలో తీసుకున్న సూపర్ 8 రీళ్ళ వేగం. నిజంగా సినిమా కదలిక కావాలంటే ఫోనులో 24 ఫ్రేములు పెట్టి, షట్టరును (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయాన్ని) సెకనులో యాభయ్యో వంతు దగ్గర కట్టేయండి. వదిలేస్తే ఎండలో ఫోను దాన్ని వెయ్యో వంతుకు లాక్కుపోతుంది, నడిచే మనిషి బొమ్మలు మార్చినట్టు తెగితెగి కదులుతాడు. కట్టేస్తే వెలుతురు ఎక్కువైపోతుంది కనుక లెన్సు మీద వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు తగిలించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైటు మినుకుమినుకు కూడా తగ్గుతుంది. ఈ ఒక్క పని ఆ ఎనిమిదింటికన్నా ఎక్కువ చేస్తుంది. కానీ దీనికి తీసే ముందే ఆలోచించాలి కదా, అందుకే ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

గ్రెయిన్ బొమ్మ మీద పరిచే దుప్పటి కాదు, బొమ్మే దానితో తయారవుతుంది. ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది, మధ్యస్థ ఛాయల్లో ఎక్కువగా తెలుస్తుంది. యాప్‌లో దొరికేది ఆకాశం మీదా ముఖం మీదా ఒకేలా పడుతుంది. పైగా దాన్ని వాట్సాప్‌లో పంపగానే కంప్రెషన్ నలిపి గళ్ళగళ్ళుగా చేస్తుంది. అప్పుడు మిగిలేది అరవైల సినిమా కాదు, సిగ్నలు సరిగా లేని వీడియో కాల్.

ఇప్పుడు ఆ ఎనిమిదోది. “ఒరిజినల్ తుడిచేయండి.” రాసినవాళ్ళకు కాస్తయినా జంకు లేదా? మొన్న ఒకావిడ వాళ్ళ అమ్మగారి షష్టిపూర్తి వీడియో తెచ్చి “ఈ గీతలు తీసేయగలరా” అని అడిగారు. గీత పడినచోట అమ్మగారి కన్ను లేదు. గోధుమరంగు పూసినచోట పట్టుచీర రంగు లేదు. పద్దెనిమిదికి తగ్గించినప్పుడు పారేసిన ఫ్రేములు లేవు. ఉన్నదాని మీద ఏదైనా వేయవచ్చు, పారేసినదాన్ని ఎక్కడినుంచి తెస్తాం? కృత్రిమ మేధతో పూరించవచ్చు అంటారా, పూరిస్తే అది ఎవరో ఒకావిడ కన్ను అవుతుంది, వాళ్ళమ్మది కాదు.

మన దేశంలో తొలినాటి సినిమాలు చాలా ఎలా పోయాయి? కొన్ని ఇట్టే అంటుకునే నైట్రేటు ఫిల్ము కాబట్టి తగలబడిపోయాయి. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో పోయినవి అలాంటివే. కొన్నిటిని ఫిల్ములో ఉండే వెండి కోసం కడిగేశారు. కొన్నిటిని గోదాములో చోటు దండగని పారేశారు. తొలి తెలుగు టాకీల్లో చాలావాటికి ప్రింటన్నదే మిగల్లేదు. అప్పుడు గోదాములో చోటు, ఇప్పుడు ఫోనులో చోటు. ఒక హార్డ్ డిస్కు కొనుక్కోండి, మహానుభావులారా! పోనీ నాలుగు గుడ్ మార్నింగ్ బొమ్మలు తుడిచేయండి, కావలసినంత చోటు వస్తుంది.

ఇదంతా చదివి డిజిటల్‌లో తీసినదాన్ని ఫిల్ము అనిపించడమే కుదరదంటున్నానని అనుకోకండి. బ్రహ్మాండంగా కుదురుతుంది. 2021 నాటి హాలీవుడ్ సినిమా ‘డ్యూన్’ను డిజిటల్ కెమెరాతో తీసి, ఫిల్ము మీదికి ఎక్కించి, మళ్ళీ స్కాన్ చేశారు. అంతేకాదు, ప్రింటు దెబ్బలను కావాలని పెట్టడం కూడా తప్పేమీ కాదు. ‘మ్యాంక్’ను 2020లో డిజిటల్ కెమెరాతోనే తీసిన దర్శకుడు ఫించర్, రీలు మారబోతోందని ఆపరేటరుకు చెప్పే మచ్చలను కూడా తెర మీద పెట్టాడు. చూస్తే నాకు ముచ్చటేసింది. మీరూ పెట్టుకోండి, కాదనను. అయితే ఆ మచ్చ కుడివైపు పై మూలన రావాలి, రీలు అయిపోవడానికి ఒకసారి ఎనిమిది సెకన్ల ముందు, మళ్ళీ సెకను ముందు. నమూనా వీడియోలో అది ఎడమవైపు కింద వచ్చింది. వీడియో మొత్తం ముప్పై సెకన్లు, రీలేమో ఇరవై నిమిషాలది!