మినిట్స్ ఏఐ రాసింది, సరిచూసేదెవరు?

బేగంపేటలో మా ఆఫీసు. మీటింగుల మినిట్స్, అంటే ఎవరేమన్నారు, ఏం తేల్చారన్న నోట్ రాసిపెట్టడానికి, మెయిల్స్ డ్రాఫ్ట్ చేయడానికి కిందటేడు ఏఐ అసిస్టెంట్ పెట్టారు. మొదటి నెలలోనే ఒక సంగతి జరిగింది. ఓ పెద్ద కస్టమర్‌తో కాల్. ధర తగ్గించమని వాళ్లు మూడోసారి అడిగారు. మా సీనియర్ మేనేజర్ పాతబస్తీ మనిషి. "పర్సోఁ బోలా నా సాబ్, దేఖేంగే" అని నవ్వుతూ దాటేశారు. మొన్నే చెప్పాను కదా, చూద్దాం లెండి అని దానర్థం. హైదరాబాద్‌లో పర్సోఁ అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కూడా కావచ్చు. ఇక బేరంలో "చూద్దాం" అంటే కుదరదనే. లైన్‌లో ఉన్న పన్నెండు మందికీ ఆ విషయం తెలుసు.

హిందీలో పర్సోఁకి ఎల్లుండి అనే అర్థం కూడా ఉంది. అసిస్టెంట్ దాన్నే పట్టుకుని చక్కటి ఇంగ్లిష్‌లో, డిస్కౌంట్ మీద నిర్ణయం ఎల్లుండిలోగా తెలియజేస్తారని రాసింది. కాల్ అవగానే ఆ మినిట్స్ అందరికీ వెళ్లిపోయాయి. మూడో రోజు ఉదయం కస్టమర్ ఫోన్: "మీరే రాసిచ్చారు కదా, ఏం తేల్చారు?" సర్దిచెప్పడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర ఏ లెక్కలోనూ లేదు. నెలాఖరు రిపోర్టులో మాత్రం మినిట్స్ రాసే పనిలో ఇన్ని గంటలు ఆదా అయ్యాయని వచ్చింది.

ఏఐ వద్దని నేననడం లేదు. మా టీమ్‌లో సూర్యాపేట నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పని క్షుణ్ణంగా తెలుసు. కానీ కస్టమర్‌కి నాలుగు లైన్ల ఇంగ్లిష్ మెయిల్ పంపాలంటే టెన్షన్. నలభై నిమిషాలు రాసి, చెరిపి, చివరికి "అక్కా, ఒక్కసారి చూడవా" అని నా సీటు దగ్గరికి వచ్చేది. ఇప్పుడు చెప్పాల్సింది తెలుగులోనే టైప్ చేస్తుంది, పది నిమిషాల్లో మెయిల్ తయారు. మీటింగుల్లో గొంతు కూడా పెరిగింది. భాష రాదన్న ఒక్క కారణంతో ఈ ఊళ్లో ఎంతమంది తెలివైన పిల్లలు వెనక వరసలో కూర్చుండిపోయారో నేను చూశాను. అందుకే ఈ మార్పు నాకు చిన్నదిగా కనిపించదు.

కొత్తవాళ్లకు మేలు ఎక్కువన్న మాట పరిశోధనలోనూ తేలింది. ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కస్టమర్ సపోర్ట్ పనిచేసే 5 వేల మందికి పైగా ఉద్యోగులను పరిశీలించి 2023లో ఒక పత్రం వెలువరించారు. ఏఐ సాయంతో వాళ్లు గంటకు పరిష్కరించే సమస్యల సంఖ్య సగటున 14 శాతం పెరిగింది. కొత్తవాళ్లకు, నైపుణ్యం తక్కువున్నవాళ్లకు అది 34 శాతం. బాగా అనుభవం ఉన్నవాళ్లకు దాదాపు ఏమీ పెరగలేదు. ఆ ఏఐ నేర్చుకున్నది అనుభవజ్ఞుల సంభాషణల నుంచే, వాళ్ల ఒడుపునే అది కొత్తవాళ్లకు అందిస్తోందని వాళ్ల వివరణ.

ఆఫీసులో దీని పర్యవసానం ఎలా ఉంటుందంటే, జూనియర్లు రోజుకు నాలుగు మెయిల్స్ పంపేచోట పది పంపుతారు. ఆ పదీ సరిగ్గా ఉన్నాయా అని చూడాల్సింది సీనియర్లే. వాళ్లకేమో పని పెరిగింది, టైమ్ పెరగలేదు. పైగా దాన్ని పనిగా ఎవరూ గుర్తించరు. "ఒక్కసారి చూసి పంపండి, రెండు నిమిషాల పనే కదా" అంటారు.

రెండు నిమిషాల పని కాదది. మనిషి రాసిన డ్రాఫ్ట్‌లో తడబడిన చోటు తెలిసిపోతుంది. వాక్యం నలిగి ఉంటుంది, అంకె పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది, అక్కడ ఆగి చూస్తాం. ఏఐ డ్రాఫ్ట్ మొదటి నుంచి చివరిదాకా ఒకే నునుపు. తెల్ల బియ్యంలో తెల్లరాయి ఏరడమే. ప్రతి తేదీ, ప్రతి మొత్తం, ఎవరు ఏం ఒప్పుకున్నారన్నది మళ్లీ మూలం తీసి పోల్చుకోవాలి. అది కూడా ఆ మీటింగులో కూర్చున్న మనిషే చేయాలి. పర్సోఁకి ఆ రోజు ఏ అర్థమో ఇంకెవరికి తెలుస్తుంది?

తప్పు బయటపడ్డాక ఏఐ రాసిందంటే కుదరదు. ఎయిర్ కెనడా విషయంలో అదే జరిగింది. బంధువు చనిపోయిన ప్రయాణికుడికి టికెట్ రాయితీ నిబంధనను ఆ సంస్థ చాట్‌బాట్ తప్పుగా చెప్పింది. చాట్‌బాట్ మాటకు తాము బాధ్యులం కామని కంపెనీ వాదించింది. బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదన కొట్టేసి, పరిహారం కట్టమంది. కస్టమర్ల వివరాలు ఏ ఏఐలో పడితే ఆ ఏఐలో పేస్ట్ చేయడం మరో ప్రమాదం. మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఇది చాలా ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు ఎవరూ చెప్పనే చెప్పరు.

ఒక్క కోర్సు కోసం నెలల తరబడి అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి నేర్చుకున్న ఊరిది. ఏఐకి మాత్రం మాకు దొరికింది ఒక గంట ఆన్‌లైన్ క్లాసు. అందులోనూ ఎలా అడగాలో చెప్పారు. వచ్చిన జవాబును ఎలా సరిచూడాలో ఒక్క ముక్క చెప్పలేదు.

పోట్లాడగా పోట్లాడగా మా దగ్గర ఒకటి మారింది. మినిట్స్ ఇప్పుడు వాటంతటవే పోవు. మీటింగులో ఉన్న ఒకరు చదివి, కింద తన పేరు పెట్టాకే పంపుతారు. నేను అడిగిన రెండోది, ఇలా చదివే సమయానికి టైమ్‌షీట్‌లో ఒక కాలమ్. రోజుకు అరగంట చాలు. ఆ అరగంట కాగితం మీద కనిపిస్తే ఆదా అయిన గంటల లెక్కలోంచి దాన్ని తీసేయాల్సి వస్తుంది, టార్గెట్లూ దాన్నిబట్టే వేయాల్సి వస్తుంది. ఆ కాలమ్ ఇంకా రాలేదు. ప్రతి రివ్యూలో అడుగుతూనే ఉన్నాను.