వాచీ కబురు పెడితే లేచేదెవరు?

జూపార్కు రోడ్డు, యూనివర్సిటీ గ్రౌండ్, అలిపిరి బైపాస్... తిరుపతిలో తెల్లారకముందే ఒంటరిగా పరుగెత్తేవాళ్ల చేతికి ఇప్పుడు స్పోర్ట్స్ వాచీ మామూలైపోయింది. 'పడిపోతే అదే ఇంటికి మెసేజ్ పెడుతుంది' అన్న మాట నమ్మి కొన్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. మాటలో అబద్ధం లేదు. చెప్పకుండా వదిలేసింది మాత్రం చాలా ఉంది.

గార్మిన్ వాచీలనే తీసుకుందాం. సొంత నెట్‌వర్క్ లేని మోడళ్లలో ప్రమాదాన్ని పసిగట్టేది వాచీ, కబురు మోసేది ఫోన్. బ్లూటూత్ మీద ఫోన్‌లోని గార్మిన్ కనెక్ట్ యాప్‌కు, అక్కణ్నుంచి మొబైల్ డేటా మీద మనం ముందే ఇచ్చిన నంబర్లకు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా కబురు చేరదు. పైగా అది మన తరఫున అత్యవసర నంబర్ 112కు ఫోన్ చేయదు. ఇంటివాళ్లకు చెప్పడంతోనే దాని పని అయిపోతుంది.

అలిపిరి మెట్లదారి చూడండి. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. కింద సామాను కౌంటర్‌లో బ్యాగు ఇచ్చేస్తే కొండపైకి చేరుతుంది. బరువెందుకని ఫోన్ కూడా అందులోనే పడేసి ఎక్కితే, పది మీటర్లు దాటేసరికి బ్లూటూత్ తెగుతుంది. ఇక చేతికి మిగిలేది అడుగులు లెక్కపెట్టే గడియారమే.

రెండో లోటు పసిగట్టడంలోనే ఉంది. గార్మిన్‌లో ప్రమాదాన్ని పసిగట్టే 'ఇన్సిడెంట్ డిటెక్షన్' చూసేది ముఖ్యంగా ఒక్కటే, వేగంగా కదులుతున్న ఒంటికి గట్టి దెబ్బ తగిలి కదలిక ఒక్కసారిగా మారడం. మే నెల ఎండకు కళ్లు తిరిగి రోడ్డు పక్కన మెల్లగా కూలబడితే దాని లెక్కలో అది ప్రమాదం కాకపోవచ్చు. వెంటపడ్డ కుక్కల గుంపు సంగతి దానికసలు తెలియదు. ఇంకోటి, వాచీలో స్టార్ట్ నొక్కి యాక్టివిటీ (పరుగు, నడక లాంటివి) రికార్డవుతున్నప్పుడే అది పనిచేస్తుంది. ఫొటో కోసం పాజ్ చేసి మళ్లీ స్టార్ట్ నొక్కడం మరిచారా, కాపలా కూడా ఆగినట్టే. యాపిల్ వాచీ పద్ధతి వేరు. గట్టిగా పడ్డాక సుమారు నిమిషం కదలిక లేకపోతే 30 సెకన్లు మోగి, ఎవరూ ఆపకపోతే ఎమర్జెన్సీ నంబర్‌కే కాల్ చేస్తుంది. సెల్యులార్ లేని మోడల్ అయితే రోడ్డు మీద దానికీ ఐఫోన్ పక్కన ఉండాల్సిందే. 55 ఏళ్లు దాటిన వయసు నమోదు చేస్తే ఈ సదుపాయం దానంతటదే ఆన్ అవుతుంది. కుర్రాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి చూసుకోవాలి.

అందుకే ఆటోమేటిక్ కన్నా చేత్తో నొక్కే బటన్‌కే మా ఓటు. గార్మిన్ ఐదు బటన్ల మోడళ్లలో ఎడమవైపు పైనున్న లైట్ బటన్‌ను వాచీ మూడుసార్లు వణికేదాకా నొక్కిపడితే కబురు వెళ్తుంది. చీకట్లో, చెమట పట్టిన వేలితో, చూడకుండా చేయగలగాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకున్నాక టీటీడీ నడిచేవాళ్లకు కర్రలు ఇచ్చింది. కర్రను చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. దానికి ఛార్జింగ్, సిగ్నల్ అక్కర్లేదు కదా!

ఫోన్‌లో సరిచేయాల్సినవి కొన్నే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తాయి. కనెక్ట్ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేసి, లొకేషన్ అనుమతి 'ఎల్లప్పుడూ' అని ఇవ్వాలి. కబురు వెళ్లాల్సిన ప్రతి నంబర్ ముందు +91 ఉండాలి. వాచీ లేనివాళ్లకు వాట్సాప్ లైవ్ లొకేషన్ చాలు. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు గడువులుంటాయి, గంట పరుగుకు 8 గంటలది పెట్టుకోవడం మేలు. సిగ్నల్ లేనిచోట పనిచేసే శాటిలైట్ పరికరాలను విదేశీ వీడియోల్లో చూసి తెప్పించుకోకండి. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని వాడితే కేసవుతుంది.

ఇంతా చేసి కబురు వెళ్లిందనుకుందాం. ఉదయం ఐదుకు అవతలి ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. లేచి చూసినా తెలియని చోటి నుంచి వచ్చిన మెసేజ్, అందులో ఒక లింకు. మోసమేమోనని తీసేసే రోజులివి. తెరిస్తే పచ్చటి అడవి మధ్య ఒక చుక్క. 108కు ఫోన్ చేసి ఆ చుక్కను ఎలా వర్ణించాలి? గాలిగోపురం దాటారా, ఏడో మైలు దగ్గరా, మోకాళ్ల మెట్టు కిందా అన్నది చెప్పగలగాలి. మెట్లు ఘాట్ రోడ్డుకు దగ్గరగా వచ్చిన చోటికే అంబులెన్స్ రాగలదు. ఈ గుర్తులు మ్యాప్‌లో ఎక్కడున్నాయో ఇంటివాళ్లకు ముందే చూపించి ఉంచాలి.

ఒక ఆదివారం ముందే చెప్పి గార్మిన్ అలర్ట్ పంపి, ఎన్ని నిమిషాల్లో చేరిందో చూడండి. యాపిల్ వాచీతో ఈ పరీక్ష వద్దు, కాల్ నిజంగానే పోతుంది. రెండోసారి, మీరు రోజూ పరుగెత్తే వేళకే పంపండి. మెసేజ్ చూడకపోతే ఆ పేరు తీసేయండి. స్నేహితుడి బదులు చీకటితోనే లేచి వాకిట్లో కళ్లాపి చల్లే అమ్మ నంబరు పెట్టండి. ఆమె ఫోన్‌లో మెసేజ్ టోన్ మాత్రం గట్టిగా ఉండాలి.