ఫ్రెంచ్‌కూ అదే గతా?

‘సెకండ్ లాంగ్వేజీ ఫ్రెంచ్ పెట్టించండి, మార్కులకు ఢోకా లేదు’. కాకినాడ నుంచి భీమవరం దాకా ఇంటర్ అడ్మిషన్ల వేళ తల్లిదండ్రుల చెవిన పడుతున్న మాట ఇది. ఏం చెబుతారు, ఎవరు చెబుతారు, రెండేళ్ల తర్వాత పిల్లవాడికి ఏం వస్తుంది అన్న ప్రసక్తే లేదు. చాలాచోట్ల పాఠం అంటే క్వశ్చన్ బ్యాంకు. క్రియారూపాల పట్టిక బట్టీ పట్టించడం, ఖాళీలు పూరించడం, పాత పేపర్లు తిరగేయడం. ఒక్క కథ చదవరు, ఒక్క కవిత వినరు, ‘ఎందుకు’ అన్న ప్రశ్న ఒక్కటీ తరగతిలో పుట్టదు. ఒక భాషను ఇంత నిస్సిగ్గుగా మార్కుల సరుకు చేసి అమ్మడం చూస్తూ ఊరుకుంటే రేపు ఏ భాషకూ దిక్కుండదు.

సంస్కృతానికి జరిగింది ఇదే. దేవనాగరిలో తన పేరైనా రాయలేని కుర్రాడికి సంస్కృతంలో 98 మార్కులు రావడం మన దగ్గర ఎవరికీ వింతగా అనిపించడం మానేసి చాలాకాలమైంది. మార్కులొస్తున్నాయిగా అని బోర్డు, కళాశాలలు, తల్లిదండ్రులు అంతా సర్దుకుపోయారు. ఆ దెబ్బకు తెలుగు తరగతులు పలచబడ్డాయి. అటు సంస్కృతమూ రాలేదు, ఇటు తెలుగూ మిగల్లేదు. ఆనాటి ఆ ఊరుకోవడమే ఇవాళ ఫ్రెంచ్ మెడకు చుట్టుకుంది.

పోటీ పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలకు తేలికైన పేపరు ఒకటి ఉంటే తప్పేమిటని, విదేశాలకు వెళ్లేవాడికి నాలుగు మాటలొస్తే చాలదా, సాహిత్యం ఎందుకని అడిగేవారున్నారు. టెన్షన్ నిజమే. కానీ ‘నాలుగు మాటలు చాలు’ అన్న వాదన ఫ్రాన్స్ గడప దగ్గరే వీగిపోతుంది. అక్కడ ఫ్రెంచ్ మాధ్యమంలో డిగ్రీ చదవాలంటే సాధారణంగా అడిగేది ఫ్రెంచ్ భాషా ప్రావీణ్య పరీక్ష డెల్ఫ్‌లో బీ2 స్థాయి. ఆ పరీక్షలో ఒక విషయంపై తన వాదనను కనీసం 250 పదాల్లో రాయాలి. తర్వాత పరీక్షకుల ఎదుట కూర్చుని తన అభిప్రాయాన్ని సమర్థించుకోవాలి. అక్కడ పనికొచ్చే గైడు ఇంకా ఎవరూ అచ్చు వేయలేదు. ఆ దేశంలో పన్నెండో తరగతి పిల్లలు ఏటా జూన్‌లో నాలుగు గంటలపాటు తత్వశాస్త్రం పరీక్ష రాస్తారు. ఇచ్చిన ప్రశ్నను తర్కించాలి, లేదా ఇచ్చిన పేరాను విప్పి చెప్పాలి. అలాంటి వారి పక్క బెంచీలోకి మన పిల్లలను క్రియారూపాల పట్టికతో పంపుతున్నాం. 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులను చేర్చుకోవాలని ఫ్రాన్స్ లక్ష్యం పెట్టుకుందని బ్రోచర్లలో వేసుకునేవారు ఈ సంగతి మాత్రం వేయరు.

ఇంతకంటే బాధ కలిగించేది మరొకటి. ఫ్రెంచ్‌ను సంస్కృతితో, చరిత్రతో కలిపి చెప్పడానికి దేశంలో గోదావరి డెల్టా కంటే అనువైన చోట్లు ఎన్నో లేవు. యానాం మన మధ్యనే ఉంది. 1954 దాకా అక్కడ ఫ్రెంచ్ పాలన సాగింది. బాల్య వివాహాలను నిషేధించే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి రాగానే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల పెళ్లిళ్లకు యానాం పరుగెత్తారు. ఆ ఊరికి కళ్యాణపురమన్న పేరు అలా వచ్చిందే. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని చాటుకున్న గణతంత్రం నీడన పసిపిల్లల మెడలో తాళి ఎలా పడింది? ఫ్రెంచ్ తరగతిలో వేయాల్సిన ప్రశ్న ఇది. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని బోర్బన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కు తీసుకెళ్లారు. ఫ్రెంచ్ వలసల కాగితాలు ఇప్పటికీ ఫ్రాన్స్‌లోని ఎక్స్ అన్ ప్రొవాన్స్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మన తాతముత్తాతల కథను దొరలు ఎలా రాసుకున్నారో, ఏం దాచారో చదివి నిలదీయగల డెల్టా కుర్రాళ్లు ఎందరున్నారు? యానాం సహా ఫ్రెంచ్ స్థావరాలను భారత్‌కు అప్పగించిన 1956 ఒప్పందం 28వ అధికరణం ప్రజాప్రతినిధులు వేరే నిర్ణయం తీసుకునేదాకా ఫ్రెంచే అధికార భాషగా ఉంటుందని చెప్పింది. ఆ ఒక్క వాక్యం మీద గంటసేపు చర్చ నడపవచ్చు. యానాం విమోచన కోసం దడాల రఫేల్ రమణయ్య చేసిన పోరాటం మీద వారం నడపవచ్చు.

సాహిత్యమంటే కొరుకుడుపడదని భయపెట్టేవారికి నీతికథల ఫ్రెంచ్ కవి లా ఫోంతేన్‌ను చూపాలి. 1678లో వచ్చిన రెండో సంపుటి ముందుమాటలో ఆయన తన కథల్లో చాలావాటికి పిల్పే అనే భారతీయ జ్ఞానికి రుణపడ్డానని ఒప్పుకున్నాడు. కర్రను నోట కరిచి ఎగిరిన తాబేలు కథ మన పిల్లలకు పంచతంత్రం నుంచి తెలుసు. లా ఫోంతేన్ కథలో హంసలు లేవు, బాతులు. అవి తాబేలును గాలిలో అమెరికాకు తీసుకెళ్తామని ఆశపెడతాయి, అచ్చం మన కన్సల్టెన్సీల్లాగే! కింద జనం ‘తాబేళ్ల రాణి పోతోంది, చూడండి’ అంటే ‘అవును, నేను రాణినే’ అనబోయి నోరు తెరిచి పడిపోతుంది. మన కథలో మిత్రుల మాట వినకపోవడం తప్పు, అక్కడ డాంబికం తప్పు. ఒకే కథకు రెండు నీతులు ఎలా వచ్చాయని అడిగితే చాలు, ఇంటర్ పిల్లలు వాదించుకుంటారు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు. పాఠం చదివిన అధ్యాపకుడు ఒకరుంటే చాలు.

ఆ ఒక్కరినీ పెట్టరు. ఫ్రెంచ్ వారసత్వం అంటూ పర్యాటకులను పిలవడానికి, యానాంలో ఈఫిల్ టవర్‌ను తలపించే వంద మీటర్ల కట్టడం ముందు ఫొటోలు దిగడానికి మాత్రం అందరూ ముందుంటారు. ప్రపంచ సంస్కృతులను తెలుసుకునేందుకూ విదేశీ భాషలని 2020 జాతీయ విద్యా విధానం స్పష్టంగా రాసింది. దాన్ని సభల్లో పొగిడినవారే పరీక్షలో బిట్లకు పెద్దపీట వేస్తారు. సంస్కృతం విషయంలో ఇదే జరిగింది. ఇప్పుడు ఫ్రెంచ్ విషయంలో జరుగుతోంది. రేపు జర్మనో జపనీసో వస్తే దానికీ ఇదే క్వశ్చన్ బ్యాంకు సిద్ధమవుతుంది. అడిగితే ‘ముందు నుంచీ ఇలాగేగా’ అంటారు. చెడ్డ ఆనవాయితీతో వచ్చే ముప్పు ఇదే.

వచ్చే విద్యా సంవత్సరానికల్లా ప్రశ్నపత్రం మారాలి. చూడని పాఠ్యభాగం ఒకటి ఇచ్చి సొంత మాటల్లో అభిప్రాయం రాయించాలి. సగం మార్కులు దానికే ఉండాలి. నోటి పరీక్ష పెట్టాలి. ఫ్రెంచ్ అధ్యాపకుడు ఉన్నాడని చూపించని కళాశాలకు ఆ సబ్జెక్టు అనుమతి రద్దు చేయాలి. ఇది బోర్డు తలచుకుంటే అయ్యే పని, నిధుల సాకు చెప్పడానికి వీల్లేనిది. ఇక కళాశాలల యాజమాన్యాలకు ఒక్క మాట. ఫ్రెంచ్ చెప్పడం మీ వల్ల కాకపోతే ఆ పేరు మీ ఫ్లెక్సీల మీద నుంచి తీసేయండి. ఫీజు తీసుకున్న పాపానికి పిల్లలకు కనీసం తెలుగైనా సరిగ్గా చెప్పండి.