హక్కు సరే, దేనికి హక్కు?

(రిచ్‌మండ్, మాన్యుమెంట్ అవెన్యూ. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనాని రాబర్ట్ లీ విగ్రహం 1890 నుంచి 2021 దాకా నిలిచిన చోటు ఇప్పుడు ఖాళీ. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న అల్లుడు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మామగారు సాయంత్రం నడకకు వచ్చారు. ఆ యుద్ధం ఎందుకొచ్చిందన్న దగ్గర మాట పెరిగింది.)

అల్లుడు: మీరు పుస్తకాల్లో చదివారు మామయ్యగారూ, నేను వీళ్ల మధ్య బతుకుతున్నాను. దక్షిణాది పోరాడింది బానిసల కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం. ఢిల్లీ పెత్తనం మీద మనం విసుక్కోమా? ఇదీ అంతే.

మామగారు: హక్కు సరే అల్లుడుగారూ, దేనికి హక్కు? మిసిసిపీ విడిపోతూ ప్రకటన రాసుకుంది. తమ బతుకు బానిసత్వంతోనే ముడిపడి ఉందని మొదట్లోనే చెప్పేసింది. విడిపోయిన రాష్ట్రాల ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861 మార్చిలో సభ పెట్టి, నల్లవాడు తెల్లవాడికి సమానం కాడన్నదే మా ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. వాళ్లకు దాపరికమే లేదు. దాచుకోవడం యుద్ధం ఓడిపోయాక మొదలైంది.

అల్లుడు: మరి సుంకాలో? ఉత్తరాది ఫ్యాక్టరీల కోసం దిగుమతి పన్నులు పెంచి వీళ్లను పిండలేదా?

మామగారు: 1832లో ఆ గొడవ నిజమే. కానీ 1857లో సుంకాలు తగ్గాయి. మళ్లీ పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చిలో వచ్చింది. అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. విస్తరి ముందు నుంచి లేచిపోయినవాడు, తరవాత వడ్డించిన కూరలో ఉప్పు తక్కువైందని అలిగానంటే ఎలా?

అల్లుడు: (నవ్వి) సరే, లింకన్ సంగతి చెప్పండి. ఒక్క బానిసనూ విడిపించకుండా దేశాన్ని నిలపగలిగితే అలాగే చేస్తానని 1862లో ఒక పత్రికా సంపాదకుడికి ఉత్తరం రాసింది ఆయనే. బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి కేంద్రం ఎన్నటికీ రాకూడదంటూ 1861లో అమెరికా కాంగ్రెస్ ఒక రాజ్యాంగ సవరణనే ఆమోదిస్తే, నాకు అభ్యంతరం లేదన్నదీ ఆయనే. బానిసత్వమే కారణమైతే వీళ్లు ఆ సవరణ పుచ్చుకుని ఇంట్లో కూర్చునేవారు కదా!

మామగారు: గట్టి ప్రశ్నే వేశారు. ఎందుకు కూర్చోలేదంటే, అప్పటి తగాదా ఉన్న బానిసత్వం గురించి కాదు, పాకే బానిసత్వం గురించి. పడమట కొత్త రాష్ట్రం పుట్టినప్పుడల్లా సెనేట్‌లో రెండు కుర్చీలు పెరుగుతాయి. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా చేర్చుకోవడానికి ఒప్పుకుని, తూకానికి మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చారు. మిగిలిన పడమటి భూమికి 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీసి, దానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదన్నారు. 1854లో సెనేటర్ డగ్లస్ ఆ గీత చెరిపేసి, అక్కడి జనమే ఓటేసి తేల్చుకుంటారన్నాడు. వినడానికి ఎంత బాగుంది! మరుసటి ఏడు కాన్సస్‌లో ఎన్నిక పెడితే బానిసత్వం కావాలనేవాళ్లు పక్కనున్న మిస్సోరీ నుంచి తుపాకులతో దిగి ఓట్లేసి వెళ్లారు. ఓటర్లు 2,905 మంది, పడిన ఓట్లు ఆరు వేలకు పైనే. దొంగ ఓట్ల విద్య మనదే అనుకుంటాం.

అల్లుడు: అంటే కుర్చీల కొట్లాట అన్నమాట. నేనన్నదీ అదే.

మామగారు: కుర్చీ ఎందుకు? కేంద్రం లాఠీ తమ చేతిలో ఉండాలని. 1850లో పారిపోయిన బానిసల చట్టం తెచ్చుకున్నది ఎవరు? దొరికినవాడు తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి లేదు, జ్యూరీ లేదు. విచారించే కమిషనర్ వాడు బానిసేనని తేల్చి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ఫీజు. పట్టుకోవడానికి సాయం చేయమంటే ఉత్తరాది పౌరుడు కాదనకూడదు. ఈ చట్టం చెల్లదని విస్కాన్సిన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పుడు రాష్ట్రాల హక్కు అని మొత్తుకున్నది ఉత్తరాది. 1859లో కేంద్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేస్తే దక్షిణాది సంతోషించింది. ఏడాది తిరిగేసరికి సౌత్ కరోలినా విడిపోతూ ఏమని ఫిర్యాదు చేసింది? ఉత్తరాది రాష్ట్రాలు ఆ చట్టాన్ని సాగనివ్వడం లేదని, వాటి పేర్లు వరుసగా రాసి మరీ!

అల్లుడు: (కాసేపు మౌనంగా నడిచి) ఉత్తరాది మాత్రం కడిగిన ముత్యమా? బానిసలు ఏరిన పత్తినే వాళ్ల మిల్లుల్లో వడికారు. ఆ పత్తి మీద అప్పులిచ్చి న్యూయార్క్ షావుకార్లు బాగుపడ్డారు.

మామగారు: కాదనను. అక్కడి నల్లవాళ్లలో చాలామందికి ఓటు కూడా లేదు. ఉత్తరాది మంచిదని నేనెప్పుడన్నాను? యుద్ధం దేని మీద వచ్చిందో చెబుతున్నానంతే.

అల్లుడు: (విగ్రహం లేని వలయం దగ్గర ఆగి) అప్పగిస్తే పది, వదిలేస్తే అయిదా? చట్టంలోనే అలా రాశారా?

మామగారు: చట్టంలోనే. అప్పగించేటప్పుడు కాగితాలు ఎక్కువ రాయాల్సి వస్తుంది కదా అని సమర్థించుకున్నారు.