సావనీర్‌లో వెయ్యని పేజీ

రెక్కల కష్టం, స్వయంకృషి, మట్టిలో మాణిక్యం. ఈ మూడు మాటలూ లేకుండా మనవాళ్ళు ఏ డాక్టరుకీ సన్మానపత్రం రాయలేరు. మొన్న ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం సభలో మా చిన్నాన్న కొడుక్కి చదివిన పత్రంలో మూడూ ఉన్నాయి. శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. వాడికి ఆ గౌరవం దక్కాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ రోజు పంచిన సావనీర్‌తోనే.

మా కుటుంబ చరిత్ర నాలుగు పేజీలు రాసిమ్మని ఆ సభ పెట్టిన సంఘం పెద్దలే నన్ను అడిగారు. ఒడిశాలోని గుణుపురంలో ఎరువుల కొట్టు నడుపుకునేవాణ్ణి, లెక్కలు రాయడం అలవాటే గానీ చరిత్రలు రాయడం కొత్త. అయినా కూర్చుని రాసిచ్చాను. తీరా అచ్చయ్యాక చూస్తే ఒక పేజీ మొత్తం మాయం. అడిగితే, "శుభమా అని సన్మానం చేసుకుంటున్నాం, ఆ భూముల గొడవ ఇప్పుడెందుకండీ" అన్నారు. సరే, వాళ్ళ పుస్తకం వాళ్ళిష్టం. నా గోడ నా ఇష్టం, అందుకే ఆ పేజీ సంగతి ఇక్కడ పోస్టు పెడుతున్నాను.

సావనీర్‌లో వేసిన కథ ప్రకారం మా తాత కట్టుబట్టలతో ఆంధ్రా నుంచి వచ్చి, అడవి నరికి, బీడు భూమిని బంగారం చేశాడు. ఆ బంగారంలోంచి డాక్టరు పుట్టాడు.

తాతది టెక్కలి దగ్గర పల్లె. 1950ల చివర్లో అన్నదమ్ములు పంచుకుంటే తన వాటాకి వచ్చిన వర్షాధారపు చెక్క అమ్మేసి, ఆ డబ్బు మొలకి కట్టుకుని నౌపడలో చిన్న రైలెక్కాడు. ఎడ్లని పాలేరు వెనకాల నడిపించుకొచ్చాడు. పాలేరున్నవాడు కట్టుబట్టలతో వచ్చాడంటే మా మామ్మ బతికుంటే నవ్వేది. ఆ రైలు పర్లాకిమిడి రాజులు వేయించినది. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గుణుపురం అటుపోయింది, టెక్కలి ఇటు మద్రాసులో ఉండిపోయింది. తాతకి అవన్నీ పట్టలేదు. సంతలో తెలుగే, షావుకార్లు తెలుగువాళ్ళే. ఇప్పుడు గంట కొట్టినట్టు "వలస కుటుంబం, వలస కుటుంబం" అంటున్నారు గానీ ఆయన దృష్టిలో అది వంశధార వెంబడే కాస్త ఎగువకి జరగడం.

ఇక అడవి నరకడం. ఎవరు నరికారండీ? మా తాత దిగేనాటికి ఇక్కడి కొండజాతివాళ్ళు కొండ కింద పొలాలు దున్నుతూనే ఉన్నారు. సవరవాళ్ళు. గుణుపురం నుంచి పైకి ఏ కొండెక్కినా రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల మడులు కనబడతాయి. పై మడిలో నిండిన నీరు గట్టు తెగకుండా కింది మడిలోకి జారుతుంది. సిమెంటు లేదు, ఇంజినీరు లేడు. అలాంటి వ్యవసాయం చేసేవాళ్ళ దగ్గరికొచ్చి మేం బీడు బాగుచేశామని రాసుకోవడానికి మొహం చెల్లాలి.

తాత చిట్టా నా దగ్గరుంది. పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, కుట్టు దగ్గర చెదలు తిన్నది. కత్తిరించిన పేజీలో నేను రాసింది ఈ చిట్టా సంగతే. ఒకచోట ఒక సవర పేరు. దాని కింద వరసగా: చోళ్ళు (రాగులు) ఆరు కుంచాలు, పంచెల చాపు ఒకటి, రొక్కం పన్నెండు రూపాయలు. పక్కనే చిన్న అక్షరాల్లో "కొండ కింద మడి, నేలబావి పక్కది, తాకట్టు" అని. ఆ కింద వేలిముద్ర. సిరా ఎక్కువై గీతలన్నీ కలిసిపోయాయి, వేలు గట్టిగా నొక్కి పట్టుకున్నట్టున్నారు. మరుసటేడు అదే పేరు, అప్పు మీద వడ్డీ. ఆ పై ఏడు పేరు లేదు. మడి మాత్రం ఆ ఏటినుంచి మా పంటల లెక్కలో ఉంది. తరవాత సర్వే సెటిల్‌మెంటు వచ్చినప్పుడు దున్నుతున్నవాడి పేరనే పట్టా ఎక్కింది. దున్నుతున్నది మేమే కదా!

"ఆ రోజుల్లో చట్టాలెవరికి తెలుసురా" అంటారు మా నాన్న. చట్టం తాతకంటే ముందే ఉంది. ఏజెన్సీలో కొండజాతివాళ్ళ భూమి బయటివాళ్ళకి సర్కారు ఏజెంటు అనుమతి లేకుండా పోకూడదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఒడిశా 1956లో ఆదివాసీ భూముల బదలాయింపు మీద రెగ్యులేషన్ 2 అనే చట్టం తెచ్చింది. 2002లో దాన్ని సవరించి, ఆదివాసీ భూమి ఆదివాసేతరుడికి బదలాయించడమే కుదరదని తేల్చేసింది. తాతకి తెలీదంటే నేను నమ్మను. తెలియనివాడు తాకట్టు కాగితం స్టాంపు మీద దర్జాగా రాయించుకునేవాడు, చిట్టాలో చిన్న అక్షరాల్లో రాసి దాచుకునేవాడు కాదు.

ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తాను. ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టరు. అక్కడే సవర భాష పట్టుబట్టి నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టించాడు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. అలాంటి మనిషి ఫొటోకి దండేసి, దీపం వెలిగించి, సవరలున్న పేజీని పీకేశారు. మనకి గిడుగు అంటే వాడుక భాష ఒక్కటే, ఆయన వాడుకలో ఇంకో భాష ఉందని గుర్తు రాదు.

సరే, డాక్టరు దగ్గరికి వద్దాం.

మా చిన్నాన్న వాణ్ణి ఒడియా మీడియంలో వేశాడు. మామ్మకి అస్సలు ఇష్టం లేదు. చిన్నాన్నకి ముందుచూపు ఎక్కువ. ఇక్కడ సర్కారు కొలువు కావాలంటే ఒడియా చదివుండాలి, సీటు కావాలంటే తహశీల్దారు దగ్గర రెసిడెంట్ సర్టిఫికెట్ ఉండాలి. మా కులం ఆంధ్రాలో బీసీ, ఇక్కడి జాబితాలో మా పేరు లేదు. ఈ చిక్కు మా ఒక్కళ్ళదే కాదు. ఆంధ్రా నుంచి బొంబాయి వెళ్ళిన ఒక కుటుంబం పిల్లవాడు మెడికల్ సీటు కోసమే సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్ళిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. కాబట్టి మా తమ్ముడికి రిజర్వేషన్ లేదు, మిగిలింది స్థానికత. ఆ సర్టిఫికెట్ కోసం తహశీలు ఆఫీసులో ఏం చూపించారో తెలుసా? పట్టా. ఏ పట్టా? నేలబావి పక్క మడిది.

వాడు రాంకు కొట్టింది నిజం. రాత్రిళ్ళు కరెంటు పోతే లాంతరు ముందు కూర్చున్నది నిజం. కటక్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బయాలజీ సారు పైసా తీసుకోకుండా రెండేళ్ళు చెప్పాడు. సావనీర్‌లో ఆయన మాటే లేదు, ఆయన మనవాడు కాదు మరి. 2003లో వాడికి బరంపురం ఎంకేసీజీలో ఎంబీబీఎస్ సీటొచ్చింది. అప్పటికి ఒడిశా మొత్తానికి మూడే సర్కారు మెడికల్ కాలేజీలు: కటక్, బుర్లా, బరంపురం. అఖిల భారత కోటా 15 శాతం పోగా మిగతా సీట్లు రాష్ట్రం పిల్లలకే. ఆ రాష్ట్రం పిల్లాడు అనిపించుకోవడానికే ఇన్ని పాట్లు. ఫీజు ఎంతంటే, మా చిన్నాన్న ఒక సీజన్‌కి నా కొట్లో ఎరువులకి కట్టే బిల్లుకన్నా తక్కువ. మిగతాది సర్కారే పెట్టుకుంది. అన్నట్టు ఎంకేసీజీ అంటే మహారాజా కృష్ణచంద్ర గజపతి, ఆయనా పర్లాకిమిడి రాజే. తాత వాళ్ళ రైల్లో వచ్చాడు, మనవడు వాళ్ళ పేరున్న కాలేజీలో చదివాడు. స్వయంకృషట!

మొదటి సెలవులకి వాడు గోనెసంచిలో ఎముకలు పట్టుకొచ్చాడు. అనాటమీ చదవాలి కదా, సీనియర్ల దగ్గర సెట్టు కొనుక్కున్నాడు. మామ్మ గుమ్మంలోనే ఆపేసింది. సంచి విప్పించి, తొడ ఎముక చూసి, "ఎవరిదిరా ఇది? ఎవరో మనిషిదే కదా, పేరూ ఊరూ అడిగావా?" అంది. వాడు ఇంగ్లీషులో ఎముక పేరు చెప్పాడు. అది కాదు నేనడిగింది అని సంచిని పశువులశాలలో పెట్టించి, రోజూ సాయంత్రం దాని ముందు ఒక అగరొత్తి గుచ్చింది. సెలవులైపోయేదాకా వాడు ఆవుల మధ్య కూర్చునే చదువుకున్నాడు. సన్మాన సభలో ఈ కథ చెప్తే జనం పడిపడి నవ్వారు. నవ్వొచ్చేదే, నేనూ నవ్వాను.

చదువయ్యాక వాడు ఈ రాయగడ జిల్లాలోనే ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్లో మూడేళ్ళు చేశాడు. "గిరిజన ప్రాంతంలో నిస్వార్థ సేవ" అని సావనీర్లో బోర్డరు కట్టి మరీ వేశారు. సేవ చేశాడు, కాదనను. మలేరియా సీజన్లో మంచాలు చాలక వరండాలో చాపల మీద సెలైన్లు పెట్టిన రోజులు నేను చూశాను. కానీ మారుమూల చోట్ల పనిచేసిన సర్కారు డాక్టర్లకి పీజీ ప్రవేశ పరీక్షలో ఏడాదికి 10 శాతం చొప్పున, 30 శాతం దాకా మార్కులు కలిపే నిబంధన ఒకటి అప్పట్లో ఉంది. వాడికి ఆ 30 కలిసింది, పీజీ వచ్చింది. తప్పేం లేదు, నిబంధన పెట్టిందే అందుకు. నేననేది ఒకటే: భూమి దగ్గర సవరవాళ్ళు, సీటు దగ్గర వాళ్ళ మడి పట్టా, పీజీ దగ్గర వాళ్ళ జ్వరాలు. ఇన్నిసార్లు వాళ్ళ చేతిమీదుగా పైకొచ్చిన కుటుంబం నాలుగు పేజీల చరిత్రలో ఒక్క పేజీ వాళ్ళకి ఇవ్వలేదా?

ఇప్పుడు వాడు విశాఖలో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చెయ్ అని నేను అనను. పిల్లల చదువులూ ఇంటి లోనూ ఉన్నవాణ్ణి రమ్మనడానికి నేనెవణ్ణి? మా ఊరి మనిషి ఎవరు వెళ్ళినా ఓపీ లైను దాటించి చూస్తాడు, ఆ గుణం వాడిది. మా చెల్లెలు, అంటే వాడి సొంత అక్క, బీఎస్సీ మధ్యలో మానేసి పెళ్ళి చేసుకుందని, వాడి హాస్టలు ఖర్చుకీ ఆ తొందరకీ సంబంధం ఉందని కూడా నేను రాశాను. అది ఉంచారు గానీ "త్యాగశీలి అయిన సోదరి" అని మార్చారు. దాన్ని అడిగి త్యాగం చేయించలేదు కదయ్యా!

అసలు గొడవ ఇప్పుడు చెప్తాను. ఆ నేలబావి పక్క మడిని వేలిముద్ర వేసినాయన మనవడే ఇన్నేళ్ళుగా మా చిన్నాన్న దగ్గర సగం పాలికి చేస్తున్నాడు. తన తాత పొలంలోనే అతను పాలికాపు. పత్తి వేస్తే విత్తనం, మందు నా కొట్లోనే ఖాతా మీద పట్టుకెళ్తాడు. ఇతను రెగ్యులేషన్ 2 కింద సబ్ కలెక్టరు ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. ఈ వేసవిలో ఆర్డరు వచ్చింది, మడి అతనికి తిరిగివ్వాలని. సావనీర్ పేజీ ఎగిరిపోవడానికి అసలు కారణం ఇదే. ఆ పేజీ అచ్చయితే అవతలి వకీలు చేతికి కాగితం ఇచ్చినట్టవుతుందని ఇంట్లోవాళ్ళే ఎవరో సంఘానికి ఫోన్ చేశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను.

చిన్నాన్న బాధ నాకు అర్థం కాకపోలేదు. "నలభై ఏళ్ళు దున్నానురా, నా నడుం ఆ మడిలోనే వంగిపోయింది" అంటాడు. ఆ చెమట అబద్ధం కాదు. కానీ చెమటకి కూలి వస్తుంది, పట్టా రాదు. కూలి మాకు ఎప్పుడో ముట్టింది, అదీ బాగానే ముట్టింది. ఇంట్లో డాక్టరున్నాడు, నాకు కొట్టుంది, కట్టుకున్న మేడ ఉంది. ఆ మడి పోతే మాలో ఎవరికీ పూట గడవకపోదు. అతనికి అది తప్ప వేరే మడి లేదు.

ఇప్పుడు అప్పీలు వేస్తారట. వకీలు ఫీజుకి అన్ని వాటాల నుంచీ డబ్బు అడుగుతున్నారు, పెద్ద మొత్తం డాక్టరు మీద పెట్టారు. నా వాటా నేను ఇవ్వనని చెప్పేశాను. చిట్టా కూడా ఎవరి చేతికీ ఇవ్వను. అడగాల్సిన ఆఫీసు అడిగితే పట్టుకెళ్ళి చూపిస్తాను. తమ్ముడు ఇస్తాడో లేదో వాడిష్టం. వాడికి తెలుగు చదవడం రాదు, సన్మానపత్రం కూడా నేనే పక్కన కూర్చుని ఒడియాలో చెప్పాను. ఈ పోస్టు కూడా రాత్రికి ఫోన్ చేసి మొత్తం వినిపిస్తాను. కోపమొస్తే రానీ.