పద్నాలుగో హోల్ దాకా అందరూ పరమహంసలే

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ప్రజల దృష్టికి ఒక గంభీరమైన సమస్యను తీసుకురాక తప్పడం లేదు. నీళ్ల సంగతి కాదు, వలసల సంగతీ కాదు. అవి పాతబడ్డాయి, వాటి గురించి మాట్లాడటానికి మైకులున్నాయి. ఎవరూ పట్టించుకోని సమస్య ఇది. ఆదివారం తెల్లవారకముందే గోల్ఫ్ ఆడటానికి గోల్కొండ దాకా పోతున్న మన పెద్దమనుషులు, బంతిని గుంతలో పడేయాల్సిన పద్దెనిమిది హోళ్లలో పద్నాలుగో హోల్ దాకా నిమ్మళంగా ఉండి, పదిహేనో హోల్ కాడికి వచ్చేసరికి ఆగమాగమవుతున్నారు.

నవ్వకండి. చీకట్లో లేచి, నల్లగొండ వాళ్లయితే పంతంగి టోల్‌గేటులో, పాలమూరు వాళ్లయితే రాయికల్ టోల్‌గేటులో పైసలు కట్టి, నయా ఖిలా పక్కన పచ్చికలో నాలుగు గంటలు నడిచి, మధ్యాహ్నానికి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చే మనిషి వల్ల ఒక ఇల్లు, ఒక డ్రైవరు, సోమవారం పొద్దున ఒక రైస్‌మిల్లు మొత్తం ఇబ్బంది పడుతుంది. కాబట్టి ఇది ముమ్మాటికీ ప్రజాసమస్యే.

ముందు లెక్క చూద్దాం. పద్దెనిమిది హోళ్ల కోర్సుకు పార్, అంటే బాగా ఆడేవాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క, మామూలుగా 72. ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. మనవాడు ఓ మోస్తరు రోజున 90 కొడతాడు. కర్ర వెనక్కి లేచిన దగ్గర్నుంచి భుజం మీదికి వచ్చి ఆగేదాకా ఒక్కో స్వింగుకు పట్టేది మహా అయితే రెండు సెకన్లు. తొంభై రెళ్లు నూటెనభై. అంటే అసలు ఆట మూడు నిమిషాలు. మిగిలిన నాలుగు గంటలూ మనసుకు పని లేదు. పని లేని మనసు లెక్కల్లో పడుతుంది. పద్నాలుగు హోళ్లకు 64 అయ్యాయి, ఇక మిగిలిన నాలుగూ పార్ నాలుగులే అనుకుంటే, అన్నీ బోగీలు (పార్‌కు ఒకటి ఎక్కువ) కొట్టినా ఇరవై, మొత్తం 84, జన్మలో కొట్టని స్కోరు! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పదిహేనో టీ (హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద బంతి ఇంకా నిలబెట్టలేదు. అప్పటికే సోమలింగం బారసాల అయిపోయి, వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటో కూడా ఖరారైపోయి ఉంటుంది.

అక్కడి నుంచి ఒంట్లో జరిగేదంతా ఒక వరసలో జరుగుతుంది. మొదట వేళ్లు బిగుసుకుంటాయి. వేళ్లు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే భుజం తిరగదు. కర్ర వెనక్కి సగమే పోయి, ఎవరో తరుముతున్నట్టు కిందికి దూకుతుంది. బంతిని తాకే క్షణానికి కర్ర మొహం మూసుకోక తెరుచుకునే ఉంటుంది. కుడిచేతి వాటం వాడికి బంతి కుడికి వంకర తిరిగి చెట్లలోకి పోతుంది. పోయిన తర్వాత మనవాడు గ్లవ్‌ని చూస్తాడు, గాలిని చూస్తాడు, చివరికి కర్రల సంచి మోసే క్యాడీని చూస్తాడు. తప్పు గ్లవ్‌ది కాదు, క్యాడీది అసలే కాదు. తప్పు సోమలింగానిది.

దీనికి నివారణ లేకపోలేదు. బంతి వెనక నిలబడి, పోవాల్సిన దారిలో బంతికి ఒక గజం ముందు ఏదో ఒక ఎండుటాకో, గడ్డి మచ్చో గుర్తు పెట్టుకోవాలి. రెండు వందల గజాల దూరంలోని జెండాకంటే గజం దూరంలోని ఆకుకు గురిపెట్టడం తేలిక. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలకు వదలాలి. ఒక్కటంటే ఒక్క ఉత్తుత్తి స్వింగు. కర్రను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టాలి. జారిపోకూడదు, చచ్చిపోకూడదు. పదికి పది బిగింపు అనుకుంటే నాలుగు చాలు. ఇదంతా నలభై సెకన్లలో అయిపోవాలని నియమావళే సలహా ఇస్తోంది. మొదటి టీ మీద ఏ వరసలో చేశామో పద్దెనిమిదో టీ మీద అదే వరస. ఒక్క అడుగు ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. పానగల్లు ఛాయాసోమేశ్వరుడి గర్భగుడిలో నీడను చూడండి. పొద్దు తూర్పున ఉన్నా పడమటికి వాలినా దాని తావు మారదు. ఆ నీడకున్న నిలకడలో వీసమెత్తు ఉన్నా మన సేట్లు ఈపాటికి పార్‌కు పది దెబ్బల లోపే ఎక్కువ కొట్టే సింగిల్ హ్యాండిక్యాప్‌లో ఉండేవాళ్లు.

సంతోషం కూడా కోపమంత చెడ్డదే. ఈ సంగతి చాలామందికి తెలియదు. పార్‌కు ఒకటి తక్కువలో ముగించి బర్డీ కొట్టిన ఊపులో గుండె దడదడలాడుతుంటే అదే కర్రతో బంతి ఎప్పటికంటే దూరం పోతుంది. ఏడో నంబరు ఐరన్‌తో 140 గజాలు కొట్టేవాడు ఆ ఊపులో గుంత చుట్టూ ఉండే గ్రీన్ దాటించి వెనక పొదల్లో పడేస్తాడు. అలాంటప్పుడు తక్కువ దూరం పోయే ఎనిమిదో నంబరు తీయాలి. కోపమైతే పది అడుగుల దాకా పడొచ్చు. ఎంతైనా తిట్టుకోండి, తాత ముత్తాతలను తలచుకోండి. పదో అడుగున కర్ర సంచిలోకి, కోపం కర్రతోపాటు. తొమ్మిది హోళ్లు కాగానే ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు, చిటికెడు ఉప్పేసిన బత్తాయి రసం. నల్లగొండ వాళ్లకు బత్తాయి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. క్లబ్బు బిర్యానీ మాత్రం వద్దు. పన్నెండో హోల్ కాడ నిద్రొస్తుంది.

ఇన్ని చెప్పినా ఆగమయ్యేవాడు అవుతూనే ఉంటాడు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. ఇది పెద్దింటి రోగం. 1999లో స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రోజు, ఆఖరి హోల్. ఫ్రెంచి ఆటగాడు ఝాన్ వాన్ డి వెల్డ్ మూడు దెబ్బలు ముందున్నాడు. పార్ నాలుగు హోల్‌లో ఆరు కొట్టినా కప్పు ఆయనదే. చిన్న కర్ర తీసుకుని మూడు ముక్కల్లో నడిచిపోతే సరిపోయేది. అన్నిటికంటే దూరం కొట్టే పెద్ద కర్ర, డ్రైవరు, తీశాడు. బంతి బాగా కుడికి పోయినా అదృష్టం కొద్దీ నీళ్లలో పడలేదు. రెండోది ప్రేక్షకుల గ్యాలరీకి కొట్టుకుని వెనక్కొచ్చి దట్టమైన గడ్డిలో పడింది. మూడోది బారీ బర్న్ వాగులో. బూట్లు, మేజోళ్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి వాగులోకి దిగి, మునిగిన బంతిని అక్కణ్నుంచే కొడదామా అని కాసేపు చూశాడు. తర్వాత తెలివొచ్చి ఒక దెబ్బ దండగ కట్టి బయట వేసుకున్నాడు. అయిదో దెబ్బ ఇసుకలో పడింది. మొత్తం ఏడు. ప్లేఆఫ్‌లో గెలిచిందెవరయ్యా అంటే, ఆ పొద్దున పది దెబ్బలు వెనకబడి ఆట మొదలుపెట్టిన పాల్ లారీ. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలోని అగస్టాలో, మాస్టర్స్ టోర్నీలో, గ్రెగ్ నార్మన్ ఆఖరి రోజుకు ఆరు దెబ్బల ముందుండి, 78 కొట్టి, అయిదు దెబ్బల తేడాతో ఓడిపోయాడు. నోటికాడి బుక్క పోవడమంటే ఇదే. మన సేటు పోగొట్టుకున్నది ఆదివారం పందెం, నలుగురికి టిఫిన్.

వాన్ డి వెల్డ్ చేసిన పొరపాటు గట్టిగా కొట్టడం కాదు, తేరుకునే టైము తీసుకోకపోవడం. తేర్చడమనే విద్యలో ప్రపంచానికి పాఠం చెప్పింది మన జిల్లానే. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసేసేందుకు నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి పుస్తకాల్లో ఉన్న పేరే 'నల్లగొండ టెక్నిక్'. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేయాలి. ఓ పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. తర్వాత గంటసేపు ముట్టుకోకూడదు. చెడంతా మడ్డిగా అడుక్కు దిగుతుంది. పైతేట నీళ్లు వంపుకోవాలి. అందులో కష్టమైన మెట్టు పటిక వేయడం కాదు, ముట్టుకోకుండా ఉండటం. మన గోల్ఫరు పదిహేనో హోల్‌లో డబుల్ బోగీ కొట్టాక పదహారో టీ దాకా ఆ బిందెను కలుపుతూనే ఉంటాడు. "ఆ చెట్టు లేకుంటే…", "ఆ గాలి రాకుంటే…", "ఎవడో దగ్గిండు…" ఎంత కలిపితే మడ్డి అంత పైకి.

ఇక మంచి కోచ్ దొరకడం లేదన్న ఫిర్యాదుకు వద్దాం. మానసిక నిబ్బరం నేర్పే గురువుల కోసం బెంగళూరు దాకా, దుబాయ్ దాకా పోతున్నారట. ఇంట్లో దీపం పెట్టుకుని ఊరంతా నిప్పు కోసం తిరిగినట్టుంది. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ చుట్టుపక్కల గానీ, జూరాల కాల్వ కింద గానీ వడ్లు కొనే ఏ ఐకేపీ సెంటర్‌కైనా వెళ్లండి. అక్కడ ప్రతి వడ్ల కుప్ప పక్కనా ఒక అంతర్జాతీయ స్థాయి కోచ్ తువ్వాల నెత్తికి చుట్టుకుని కూర్చుని ఉంటాడు.

ఆయన ఆట కూడా పద్దెనిమిది హోళ్లదే. నారు, నాటు, కలుపు, కరెంటు, ఎరువుల లైను, దోమపోటు, మెడవిరుపు, హార్వెస్టర్ కిరాయి అన్నీ దాటి పద్నాలుగో హోల్ కాడికి మంచి స్కోరుతోనే వస్తాడు. పదిహేనోది తేమ. హద్దు 17 శాతం. తేమ మిషన్ చిన్న గిన్నెలో గుప్పెడు గింజలు పోసి మూత బిగిస్తారు. అంకె వెలుగుతుంది: 17.4. రాత్రి మంచుకు పైపొర చెమ్మగిల్లితే ఒక అంకె, కుప్ప అడుగున చెయ్యి పెట్టి తీస్తే ఇంకో అంకె, పొద్దు నెత్తి మీదికొచ్చాక మూడో అంకె. "ఇంకోపాలి సూడుండ్రి సారూ" అంటాడు కోచ్. సారు చూడడు. కోచ్ కర్ర విసిరేయడు, గాలిని తిట్టడు. చెప్పులు విడిచి వడ్లలోకి దిగి, కాళ్లతో సాళ్లు తీస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తాడు. అదీ రొటీన్ అంటే. మొన్న ఎలా నడిచాడో ఇవ్వాళా అలాగే. ఊపిరి నాలుగు అంకెలకా ఆరు అంకెలకా అని ఎవరూ లెక్కపెట్టరు గానీ, నలభై సెకన్ల గడువు మాత్రం ఆయనకు లేదు. ఆయనకున్నది సీరియల్ నంబరు.

రెండు ఆటల నియమాలనూ పక్కపక్కన పెట్టి చదవడం మన గోల్ఫర్లకు చాలా మేలు చేస్తుంది. గోల్ఫ్‌లో బంతి వాననీటి మడుగులో పడితే పదహారో నియమం కింద దండగ లేకుండా తీసి, తుడుచుకుని, పొడినేల మీద వేసుకోవచ్చు. వడ్లు వాననీటి మడుగులో పడితే తీసుకునేదీ తుడుచుకునేదీ రైతే, దండగ కూడా ఆయనదే. బంతి కనబడకపోతే మూడు నిమిషాలు వెతకొచ్చు. 2019కి ముందైతే అయిదు నిమిషాలుండేది, గడువు తగ్గించారని మనవాళ్లు ఇప్పటికీ బాధపడుతుంటారు. లారీ కనబడకపోతే ఎన్ని రోజులు వెతకాలో ఏ నియమావళిలోనూ లేదు. దోస్తుల మధ్య ఆటలో మల్లిగన్ అని ఒకటుంది. చెడ్డ దెబ్బను లెక్కలోంచి తీసేసి ఇంకోటి కొట్టనివ్వడం. పేరు ఎవరు పెట్టారో గానీ 'మళ్లీ' అన్నట్టే వినిపిస్తుంది. ఆదివారం పొద్దున మూడు మల్లిగన్లు అడిగి పుచ్చుకున్న చెయ్యే సోమవారం మిల్లు గేటు కాడ పిడికెడు వడ్లు తీసి, ఊది, "తాలుంది, బస్తాకు రెండు కిలోలు తీసెయ్" అంటుంది. 40 కిలోల బస్తా. ఇక్కడ మల్లిగన్ లేదు.

స్కోరు కార్డు మీద సంతకం విషయంలోనూ కోచ్‌కు అనుభవం ఎక్కువే. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో పదిహేడో హోల్‌లో మూడు కొడితే, కార్డు రాసేవాడు నాలుగు వేశాడు. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఎక్కువ రాసిన అంకె మీద సంతకం పడితే ఆ అంకే ఖాయం. ఒక్క దెబ్బతో ప్లేఆఫ్ పోయింది. గోల్ఫ్ లోకం ఆ కథను ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పుకుంటుంది. కాంటా అయ్యాక, బస్తాలు మిల్లుకు పోయి దిగాక, ట్రక్ షీట్ మీద అంకె తగ్గి తిరిగొస్తే దానికింద వేలిముద్ర వేసిన వాళ్లు మన దగ్గర ఊరికి ఎంతమందో. వాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు. వాళ్లు నిబ్బరంగా ఉంటారు కాబట్టి.

అందుచేత గోల్ఫరుల కోసం వచ్చే యాసంగిలో రెండు వారాల శిక్షణ శిబిరం పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. పొద్దున ఆరింటికి వడ్లు ఆరబోయడం, పదింటికి తిరగేయడం, రెండింటికి మళ్లీ తిరగేయడం, నాలుగింటికి మబ్బు చూడటం, మబ్బు నల్లబడగానే పరుగెత్తి కుప్ప చేయడం. ఆఖరి నాలుగు రోజులు తేమ 17.2 కాడ నిలబెడతారు. ఆ నాలుగు రోజులూ మొత్తం ఎంతొస్తుందో లెక్కలు వేయనివాడు పాసైనట్టు. ఎండ 43 డిగ్రీలుండొచ్చు, కార్టు ఉండదు, క్యాడీ ఉండడు. పరదా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. గన్నీ సంచులు వస్తే ఇస్తారు. రాత్రి కాపలా వంతులవారీగా ఉంటుంది. స్కోర్లు ఫోన్లో రాసుకోవచ్చు గానీ, సెంటర్‌లో చార్జింగ్ ప్లగ్గు ఒక్కటే, దానికి కాంటా పెట్టి ఉంటుంది.