బెంజీన్ ఎంతో చూసి ఊరుకోకండి, ఆక్సిజన్ ఎంతో కూడా అడగండి

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో ఇల్లు కొనే మనవాళ్లు స్కూల్ రేటింగ్ చూస్తారు, తూర్పు ముఖమా కాదా చూస్తారు, ఆఫీసుకి ఎంతసేపు పడుతుందో లెక్కేస్తారు. ఆ స్థలంలో అంతకుముందు ఏముండేదో మాత్రం చాలామంది అడగరు. ఒకప్పుడు గ్యాస్ స్టేషన్ ఉండేదని తెలిసినా, "పెట్రోల్ లీకు మీద ప్రభుత్వం పెట్టిన కేస్ క్లోజ్ అయిపోయిందట కదా" అని వదిలేస్తారు. నాకు ఒళ్లు మండేది ఆ మాట దగ్గరే.

పాత పెట్రోల్ ట్యాంకులు చాలావరకు ఏ పూతా లేని స్టీలువి. భూమిలో తుప్పు పట్టి కారిపోయేవి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో నిబంధనలు తెచ్చి, పాత ట్యాంకుల్ని బాగుచేయడానికో, మార్చడానికో, మూసేయడానికో 1998 డిసెంబర్ 22 దాకా గడువిచ్చింది. ట్యాంకునైతే క్రేన్‌తో పైకి తీసేస్తారు, కానీ కారిన పెట్రోల్ మట్టిలో, భూగర్భ జలంలో మిగిలిపోవచ్చు. దాని ఆవిరి ఇంటి అడుగున నేల మీద పోసే కాంక్రీటు స్లాబ్ పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి ఇంట్లోకి రావచ్చు. అందులో ఉండే బెంజీన్ లుకేమియాకి కారణమవుతుందని ఎప్పుడో తేలింది.

కాలిఫోర్నియా వాటర్ బోర్డు 2012లో తెచ్చిన కేస్ క్లోజర్ పాలసీ చదవండి. నివాస స్థలమైతే, మట్టిలోని ఆవిరిలో బెంజీన్ క్యూబిక్ మీటరుకి 85 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. అదే, ఆ కాలుష్యానికీ ఇంటికీ మధ్యలో 5 అడుగుల శుభ్రమైన మట్టి ఉండి, అందులో ఆక్సిజన్ కనీసం 4 శాతం ఉంటే, ఆ పరిమితి 85,000 అవుతుంది. వెయ్యి రెట్లు! ఇందులో మోసమేమీ లేదు. ఆక్సిజన్ అందితే మట్టిలోని బ్యాక్టీరియా పెట్రోల్ ఆవిరిని నిజంగానే తినేస్తుంది. ఆ సైన్స్‌ని నేను నమ్ముతాను. (డ్రై క్లీనింగ్ షాపుల రసాయనాలకి ఈ లెక్క వర్తించదు, అది వేరే కథ.)

కానీ అంత పెద్ద సడలింపు ఆ ఒక్క ఆక్సిజన్ కొలత మీద ఆధారపడినప్పుడు, దాన్ని ఎలా తీశారన్నది మనం అడగాలా వద్దా? నేలలో సన్నటి గొట్టం దింపి, గాలిని నెమ్మదిగా స్టీల్ డబ్బాలోకి లాగుతారు. గొట్టం చుట్టూ సీల్ సరిగ్గా లేకపోతే పైనున్న మామూలు గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు బెంజీన్ తక్కువగా కనిపిస్తుంది, ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. రెండు తప్పులూ ఒకే వైపుకి, "అంతా బాగుంది" అనే వైపుకే లాగుతాయి. అందుకే పైన హీలియం పట్టి లీక్ టెస్ట్ చేస్తారు. అర అంగుళం వాన పడితే ఐదు రోజులు ఆగాలని మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇలాంటి తప్పుడు ఫలితాలు రాకూడదనే. లీక్ టెస్ట్ ఫలితం లేని రిపోర్టుని నేను రిపోర్టుగా లెక్కలోకే తీసుకోను.

ఇంకో సంగతి. ఖాళీ స్థలంగా ఉన్నప్పుడు నేలలోకి గాలి బాగా ఆడుతుంది. అదే స్థలంలో వరసగా టౌన్‌హోమ్‌లకి పెద్ద స్లాబ్ పోశాక కింద ఆక్సిజన్ తగ్గిపోవచ్చు. ఎప్పుడో బోసి నేల మీద తీసిన కొలతతో ఇప్పటి పడకగది కింద ఏముందో చెప్పలేం. ఆ స్థలాన్ని అప్పుడు దేనికి వాడుతున్నారో చూసి కేస్ మూసేసి ఉండొచ్చు కూడా. ఇవన్నీ అడిగితే "అనవసరంగా టెన్షన్ పెడుతున్నారు" అంటారు. పిల్లలు నిద్రపోయే గది గురించి అడగడం అనవసరం ఎలా అవుతుంది?

బెంజీన్ ఎంత, ఆక్సిజన్ ఎంత, ఏ లోతులో, ఏ తేదీన, లీక్ టెస్ట్ ఏమైంది: ఈ ఐదు వివరాలు ఒక్క పేజీలో రాసి అమ్మేవాళ్లే కొనేవాళ్ల చేతికివ్వాలని చట్టం రావాలి. అది వచ్చేదాకా మనమే వెతుక్కోవాలి. వాటర్ బోర్డు వాళ్ల జియోట్రాకర్ సైట్‌లో అడ్రస్ కొడితే చుట్టుపక్కల కేసులన్నీ మ్యాప్ మీద కనిపిస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. క్లోజర్ లెటర్ తెరిచి, తవ్వకాల మీద, స్థల వినియోగం మీద షరతులేమైనా పెట్టారేమో చూడండి. ఆఫర్ గెలవాలన్న తొందరలో కంటింజెన్సీలు (తనిఖీలో తేడా వస్తే కొనుగోలు నుంచి తప్పుకోనిచ్చే షరతులు) వదులుకోవడానికి ముందే ఈ పని చేయండి. కొలతలు పాతవైతే, స్లాబ్ కిందనుంచి కొత్తగా శాంపిల్ తీయించమని అడగండి. కుదరదంటే ఆ ఇల్లు వదిలేయండి.